సింటాక్స్ ఎర్రర్ - ఒక సిగ్నల్‌మన్ అనుభవం

(అసోసియేషన్ ఉగాది సమావేశంలో కోర్ ఆఫ్ సిగ్నల్స్‌కు చెందిన ఒక రిటైర్డ్ సుబేదార్ చేసిన ప్రసంగ పాఠం. ప్రోగ్రాము లైన్లను ఆయన బోర్డు మీద ఇంగ్లీషులో రాశారు. చదువుకోవడానికి వీలుగా ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాము.)



నేను ఉపన్యాసాలిచ్చేవాడిని కాను. ఇంటర్ పాసై 1987లో సైన్యంలో చేరినవాడిని. మైకు ముందు "ఓవర్" అనడం అలవాటుగానీ గంటసేపు మాట్లాడడం అలవాటు లేదు. అయినా నన్ను ఎందుకు నిలబెట్టారంటే, మొన్న సంక్రాంతికి మన పిల్లలకు ఈ బల్లమీద ఉన్న పాత హోమ్ కంప్యూటర్ చూపించి నాలుగు ముక్కలు బేసిక్ నేర్పుదామని కూర్చున్నాను. పది నిమిషాలు కాకముందే ఒక్కొక్కరు లేచి "తాతగారూ, ఇది పాడైపోయింది" అన్నారు. వెళ్ళి చూస్తే పాడవలేదు. తెర అడుగున ఒక ప్రశ్న గుర్తు మెరుస్తూ ఉంది, అంతే. కార్యదర్శి గారు అది చూసి "సుబేదార్ సాబ్, ఆ ప్రశ్న గుర్తు సంగతేదో ఉగాదికి అందరికీ చెప్పండి" అన్నారు. అదీ కథ.

ముందు ఈ యంత్రం గురించి రెండు మాటలు. దీని పేరు జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్. ఇంగ్లండులో సింక్లైర్ సంస్థ 1982లో విడుదల చేసింది. 1984లో దీనికే గట్టి ప్లాస్టిక్ మీటలు పెట్టి స్పెక్ట్రమ్ ప్లస్ అన్నారు. 1986లో మన దేశంలో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ అనే కంపెనీ లైసెన్సు మీద దీన్ని తయారుచేసి అమ్మింది. మెమరీ 48 కె. ఇవాళ మన ఫోనులో ఒక ఫోటోకి కూడా చాలదు. దీనికి సొంత తెర ఉండదు, ఇంట్లో టీవీకి తగిలించుకోవాలి. ప్రోగ్రాము దాచుకోవడానికి పాటల టేపు రికార్డరే. కరెంటు పోతే టైపు చేసినదంతా పోయినట్టే.

ఇందులో ఉన్న భాష బేసిక్. 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు దీన్ని తయారుచేశారు. లెక్కల విద్యార్థులే కాదు, మామూలు విద్యార్థులు కూడా కంప్యూటర్‌తో పని చేయించుకోవాలన్నది వారి ఉద్దేశం. అంటే ఇది మనలాంటివాళ్ళ కోసం పుట్టిన భాష. ఒక్కో లైనుకు ఒక నెంబరు. నెంబరు వరసలో యంత్రం పని చేసుకుపోతుంది. స్టాండింగ్ ఆర్డర్ మాదిరిగా అన్నమాట.

నేను దీన్ని 1989లో చూశాను. ఉత్తరాన కొండల్లో మా సిగ్నల్స్ కంపెనీ ఉండేది. మా కంపెనీ కమాండర్ మేజర్ సాహెబ్ తన సొంత డబ్బుతో కొనుక్కున్న స్పెక్ట్రమ్ తెచ్చి, ఇన్ఫర్మేషన్ రూములో టీవీ పక్కన పెట్టారు. "డ్యూటీ లేనివాళ్ళు ఎవరైనా నేర్చుకోండి, విరగ్గొట్టకండి" అన్నారు. అప్పుడు నా వయసు ఇరవై రెండు. సినిమా వచ్చే రోజు తప్ప మిగతా రోజులు సాయంత్రం టీవీ ఖాళీ. నేను కూర్చున్నాను.

మొదటి రోజే దెబ్బ తిన్నాను. పుస్తకంలో ప్రింట్ అని ఉంది కదా అని పి, ఆర్, ఐ, ఎన్, టి అని ఒక్కొక్క అక్షరమే కొట్టాను. తెరమీద "ప్రింట్ రింట్" అని వచ్చింది. ఎందుకంటే ఈ యంత్రంలో లైను మొదట్లో పి మీట ఒక్కసారి నొక్కితే ప్రింట్ అనే మాట మొత్తం తనే వేసుకుంటుంది. మిగిలిన నాలుగు అక్షరాలు దాని వెనక తోకలాగా చేరాయి. ఆ తర్వాత కోట్స్ పెట్టి నా పేరు రాసి ఎంటర్ నొక్కాను. లైను పైకి పోలేదు. అడుగునే ఉండిపోయి, తోకకూ కోట్స్‌కూ మధ్య ప్రశ్న గుర్తు మెరవడం మొదలుపెట్టింది.

స్పెక్ట్రమ్‌లో సింటాక్స్ ఎర్రర్ అంటే ఇదే. వాక్య నిర్మాణంలో తప్పు అని అర్థం. యంత్రం ఆ లైను తీసుకోదు. బాగుచేసేదాకా మన ముందే పెట్టుకుని కూర్చుంటుంది. నాకు అది గుడ్లురిమి చూస్తున్నట్టు ఉండేది. తుడిచేసి మళ్ళీ కొట్టేవాణ్ణి, మళ్ళీ అదే. మూడు సాయంత్రాలు ఇలాగే గడిచాయి.

మాకు ఒక హవల్దార్ ఉస్తాద్ ఉండేవారు. శ్రీకాకుళం జిల్లా మనిషి. మోర్సు నేర్పడంలో దిట్ట. కంప్యూటర్ ముట్టుకోలేదు, ముట్టుకోవాలనీ అనుకోలేదు. నాలుగో రోజు సాయంత్రం నా వెనక నిలబడి "ఏంట్రా, ఆ ప్రశ్న గుర్తుతో కుస్తీ పడుతున్నావు?" అన్నారు. "తప్పు అంటోంది ఉస్తాద్, ఎక్కడ తప్పో చెప్పడం లేదు" అన్నాను.

ఆయన ఒక నిమిషం చూసి ఇలా అన్నారు: "తప్పు అని అది ఎక్కడ అంది? ప్రశ్న గుర్తు పెట్టింది. మోర్సులో ప్రశ్న గుర్తు ఏమిటి?"

"డిట్ డిట్ డా డా డిట్ డిట్" అన్నాను.

"దాన్ని మనం ఎప్పుడు కొడతాం?"

"అవతలివాడు పంపింది అర్థం కానప్పుడు. మళ్ళీ చెప్పమని."

"మరి అది నిన్ను తిట్టడం లేదురా. మళ్ళీ చెప్పమంటోంది. అక్కడిదాకా విన్నాను, అక్కడ నుంచి అర్థం కాలేదు అంటోంది. రీడ్ బ్యాక్ చెయ్యి."

సిగ్నల్స్ వాళ్ళకు రీడ్ బ్యాక్ అంటే వేరే చెప్పనక్కరలేదు. మిగతావారి కోసం చెబుతున్నాను. వైర్‌లెస్ మీద ముఖ్యమైన మెసేజి పంపినప్పుడు, అందుకున్నవాడు దాన్ని అక్షరం పొల్లుపోకుండా తిరిగి చదివి వినిపించాలి. తనకు అర్థమైన భావం చెప్పకూడదు. కాగితం మీద ఏముందో అదే చదవాలి. నేను ఆ రోజు లైను పైకి చదివాను: "ప్రింట్..." అని మొదలుపెట్టి నా పేరుకు వెళ్ళిపోయాను. ఉస్తాద్ తల మీద ఒక్క మొట్టికాయ వేసి "మధ్యలో ఉన్నది ఎవడు చదువుతాడు?" అన్నారు. అప్పుడు గానీ నా కంటికి ఆ "రింట్" కనబడలేదు. మూడు రోజులుగా నా కళ్ళ ముందే ఉంది. నేను రాయాలనుకున్నదే చదువుకుంటున్నాను, రాసినది చదవడం లేదు.

ఇవాళ నేను చెప్పదలుచుకున్న విషయం చాలావరకు ఇంతే. అయితే పిల్లలు పుస్తకాలు పట్టుకుని వచ్చారు గనుక, ఆ ప్రశ్న గుర్తు వచ్చినప్పుడు ఏమేమి చూడాలో వరసగా చెబుతాను.

మొదటిది. లైనును తుడిచేయకండి. గుర్తు ఎక్కడ మెరుస్తోందో చూడండి. యంత్రం ఎడమ నుంచి కుడికి చదువుతూ, ఇక ముందుకు పోలేనన్న చోట ఆ గుర్తు పెడుతుంది. తప్పు అక్కడే ఉండవచ్చు, దానికి ఎడమ వైపున ఎక్కడైనా ఉండవచ్చు. ఉదాహరణకు కోట్స్ తెరిచి మూయడం మరిచిపోతే, యంత్రం మూత కోసం వెతుక్కుంటూ లైను చివరిదాకా పోతుంది. గుర్తు చివర్లో పడుతుంది. మరిచిపోయిన చోటు ఎక్కడో మధ్యలో ఉంటుంది. బ్రాకెట్టు మూయకపోయినా ఇదే తంతు. అందుకని తెరిచినవెన్ని, మూసినవెన్ని అని వేలు పెట్టి లెక్కపెట్టండి.

రెండవది. ఆజ్ఞలను అక్షరాలుగా కొట్టారేమో చూడండి. స్పెక్ట్రమ్‌లో ఆజ్ఞ ఏదైనా దానికి ఒక మీట ఉంది. గో టు అనేది జి మీట మీద ఉంది. ఫర్ లైనులో వచ్చే టు అనే మాట సింబల్ షిఫ్ట్ పట్టుకుని ఎఫ్ నొక్కితే వస్తుంది. దెన్ అనేది సింబల్ షిఫ్ట్‌తో జి. టి, ఓ అని విడివిడిగా కొడితే చూపుకు అచ్చం అలాగే ఉంటుంది, యంత్రానికి మాత్రం అవి ఉత్త అక్షరాలు. కర్సర్ మీద కె అని ఉంటే ఆజ్ఞ కోసం చూస్తోందని, ఎల్ అని ఉంటే అక్షరాల కోసం చూస్తోందని గుర్తు పెట్టుకోండి. కర్సర్‌ను చూడకుండా మీట నొక్కడం, ఫ్రీక్వెన్సీ చూడకుండా ట్రాన్స్‌మిట్ చేయడం లాంటిది.

మూడవది. లెట్, దెన్ వదిలేశారేమో చూడండి. కొన్ని యంత్రాల్లో లెట్ లేకపోయినా నడుస్తుంది. ఇందులో తప్పనిసరి. లెట్ లేకుండా డి = 180 అని కొట్టబోతే, డి మీట నొక్కగానే డిమ్ అనే ఆజ్ఞ పడుతుంది. "నేను డిమ్ ఎప్పుడు కొట్టాను?" అని పిల్లలు ఆశ్చర్యపోతారు. లైను మొదట్లో డి మీటకు అర్థం అదే.

నాలుగవది. సున్నా, ఓ అక్షరం. ఒకటి అంకె, ఐ అక్షరం. 60 బదులు ఆరు పక్కన ఓ అక్షరం కొడితే ప్రశ్న గుర్తు ఖాయం. స్పెక్ట్రమ్ తెరమీద సున్నాకు అడ్డగీత ఉంటుంది, చూస్తే తెలిసిపోతుంది. మనం కాగితం మీద రాసుకున్న దాంట్లో మాత్రం ఉండదు. ఉస్తాద్ మాకు మెసేజి ప్యాడ్ మీద సున్నాకు గీత పెట్టే అలవాటు చేశారు. ప్రోగ్రాము కాగితం మీద కూడా పెట్టండి.

ఐదవది. కామా, సెమికోలన్, కోలన్, ఫుల్‌స్టాప్. వీటిలో ఒకటి బదులు ఒకటి పడితే, ఒక్కోచోట యంత్రం ఒప్పుకోదు, ఒక్కోచోట ఒప్పుకుని వేరే పని చేస్తుంది.

ఆరవది. ఇవన్నీ చూసినా దొరకకపోతే లైనును ముక్కలు చేయండి. పొడుగు లైనులో సగం తీసేసి మిగతా సగం ఒప్పుకుంటుందేమో చూడండి. లైన్‌మన్ కేబుల్ తెగినచోటు వెతికేటప్పుడు సగం దూరం వెళ్ళి టెస్టు చేస్తాడు గదా, అలాగే. ఒకసారికి ఒక మార్పే చేయండి. మూడు మార్పులు ఒకేసారి చేసి లైను నడిస్తే, ఏది మందో ఏది విషమో తెలియదు.

ఇక్కడిదాకా సులువే. ఇప్పుడు నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. ఇంతకు ముందు ఏ సభలోనూ చెప్పలేదు.

ఆ సంవత్సరం శీతాకాలానికి నాకు బేసిక్ కాస్త పట్టుబడింది. మేజర్ సాహెబ్ చూసి, సెలవు పార్టీ జాబితా దీనిమీద తీయగలవా అని అడిగారు. మా కంపెనీలో అప్పుడు పెట్టుకున్న పద్ధతి ఏమిటంటే, వెనకటి సెలవు నుంచి వచ్చి 180 రోజులు గానీ అంతకు మించి గానీ అయినవాళ్ళు మొదటి పార్టీలో వెళ్ళాలి. ప్రోగ్రాము నాలుగు ముక్కలే:

10 రీడ్ ఎన్$, డి
20 ఇఫ్ డి >= 180 దెన్ ప్రింట్ ఎన్$
30 గో టు 10

కింద 100 నుంచి డేటా లైన్లలో పేర్లు, రోజులు. పేర్లకు కోట్స్ పెట్టాలి, పెట్టకపోతే ఈ యంత్రం వాటిని వేరియబుల్ అనుకుని "వేరియబుల్ నాట్ ఫౌండ్" అంటుంది. ఆ సంగతి నాకు అప్పటికే తెలుసు.

20వ లైను దగ్గర ప్రశ్న గుర్తు వచ్చింది. పెద్దది అనే గుర్తుకూ, సమానం గుర్తుకూ మధ్యన మెరుస్తోంది. నేను ఆ రెండు గుర్తులనూ రెండు మీటలతో విడివిడిగా కొట్టాను. స్పెక్ట్రమ్‌లో అది కుదరదు. "పెద్దది లేదా సమానం" అనేది ఒకే గుర్తు. సింబల్ షిఫ్ట్ పట్టుకుని ఇ మీట నొక్కితే రెండూ కలిసి ఒకే ముక్కగా వస్తాయి. "చిన్నది లేదా సమానం" క్యూ మీట మీద, "సమానం కాదు" డబ్ల్యూ మీట మీద ఉంటాయి. మీటల మీద అచ్చువేసి ఉన్నాయి కూడా. నేను చూడలేదు. నాలుగైదుసార్లు తిప్పితిప్పి కొట్టాను. రాత్రి డ్యూటీకి టైమవుతోంది. చివరికి ఆ సమానం గుర్తు తీసేశాను. ఎంటర్ నొక్కాను. లైను చక్కగా పైకి వెళ్ళిపోయింది. ప్రశ్న గుర్తు లేదు. నాకు ఎంత హాయి అనిపించిందో చెప్పలేను.

రన్ కొట్టాను. పేర్లు వచ్చాయి. చివర్లో "అవుట్ ఆఫ్ డేటా, 10:1" అని వచ్చింది. అది భయపడాల్సింది కాదు, 10వ లైను మొదటి ఆజ్ఞ దగ్గర చదవడానికి పేర్లు అయిపోయాయని చెప్పడం. తెర చూసి పేర్లు కాగితం మీద ఎక్కించి ఇచ్చాను. శనివారం నోటీసు బోర్డు మీద పెట్టారు.

ఒంగోలు వైపు కుర్రవాడు ఒకడు నా పక్క మంచం. వాడికి ఆ రోజుకు సరిగ్గా 180. చెల్లెలి పెళ్ళి పెట్టుకున్నారు. బోర్డు చూసి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. "నా పేరు లేదురా" అన్నాడు. నేను "రెండో పార్టీలో ఉంటుందిలే" అన్నాను. వాడు "కంప్యూటర్ లెక్క కదా, ఏదో ఒకటి రెండు రోజులు తక్కువై ఉంటాయి" అని ఊరుకున్నాడు. అదే గుమాస్తా రాసిన జాబితా అయితే ఆఫీసుకు వెళ్ళి అడిగేవాడు. యంత్రం పేరు చెప్పేసరికి అడగలేదు. నాకైనా అనుమానం రావాలి గదా, రాలేదు. ఎర్రర్ రాలేదు కాబట్టి సరిగ్గానే ఉందనుకున్నాను.

సోమవారం పొద్దున కాన్వాయ్ దిగిపోయింది. ఆ రాత్రి ఉస్తాద్ ఎందుకో సెలవు రిజిస్టరు తీసి జాబితాతో సరిచూశారు. రిజిస్టరులో పదకొండు మంది, జాబితాలో పది. నన్ను పిలిచారు. లైను చదివించారు. ఈసారి నేను బాగానే చదివాను: "ఇఫ్ డి పెద్దది 180 దెన్." చదువుతూనే నాకు చెమటలు పట్టాయి.

"ఇక్కడ ప్రశ్న గుర్తు వచ్చిందా?" అని అడిగారు.

"వచ్చింది ఉస్తాద్."

"ఏం చేశావు?"

"సమానం తీసేశాను."

"అది మళ్ళీ చెప్పమంది. నువ్వు మాట మార్చేశావు." అంతకు మించి ఆయన ఏమీ అనలేదు.

మేజర్ సాహెబ్ వెంటనే సెలవు మంజూరు చేశారు. కానీ మంచు పడి దారి మూసేశారు. శుక్రవారం దాకా కాన్వాయ్ లేదు. వాడు ఊరు చేరేసరికి పెళ్ళి అయి ఒక రోజు దాటింది. చెల్లెలు అత్తవారింటికి బయలుదేరుతుంటే చూశాడట. సెలవు నుంచి తిరిగివచ్చి ట్రంకు పెట్టె తెరిచి, పెళ్ళి అరిసెలు మొదట నాకే ఇచ్చాడు. నేను సంగతంతా చెప్పాను. "తెలుసులేరా, ఉస్తాద్ చెప్పారు. తిను" అన్నాడు. నాకు గొంతు దిగలేదు. ముప్పై అయిదేళ్ళు దాటింది, ఇప్పటికీ అరిసె చేతిలోకి తీసుకుంటే ఆ బ్యారక్ గుర్తొస్తుంది.

అందుకే పిల్లలకు నేను చెప్పేది, సింటాక్స్ ఎర్రర్‌కు భయపడకండి అని. అది కనబడే తప్పు. యంత్రం తనే ఆగి అడుగుతుంది. ఆ లైనుతో నష్టం జరగదు, ఎందుకంటే అది లోపలికే పోలేదు. మనం దాని నోరు మూయించడానికి చేసే పనిలోనే ప్రమాదం ఉంది. ప్రశ్న గుర్తు పోయిందంటే వాక్యం కుదిరిందని అర్థం. మన ఉద్దేశం కుదిరిందని కాదు.

కాబట్టి ఏడవ సూత్రం. లైను ఒప్పుకున్నాక ఆగి రెండు పనులు చేయండి. ఒకటి, లిస్ట్ కొట్టి, దిద్దిన లైనును మళ్ళీ రీడ్ బ్యాక్ చేయండి. మొదట కాగితం మీద మామూలు భాషలో ఏం రాసుకున్నామో దానితో పోల్చండి. నా కాగితం మీద "180 గానీ అంతకు మించి గానీ" అని స్పష్టంగా ఉంది. పోల్చి ఉంటే అక్కడే దొరికేది. రెండు, హద్దు మీద పరీక్ష చేయండి. 179, 180, 181 మూడూ ఇచ్చి చూడండి. లెట్ డి = 180 అని ఇచ్చి, ప్రింట్ డి >= 180 అని నేరుగా కొడితే స్పెక్ట్రమ్ నిజమైతే 1 అనీ, కాకపోతే 0 అనీ చూపుతుంది. అర నిమిషం పని. ఆ అర నిమిషం నేను పెట్టలేదు.

ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. ఉన్న నెంబరుతోనే కొత్త లైను కొడితే పాత లైను చప్పుడు లేకుండా పోతుంది. దానికి ఎర్రర్ రాదు. అందుకే నెంబర్లు పది పది చొప్పున వేసుకుంటాం, మధ్యలో చోటు ఉంటుందని.

మీలో కొందరు వేరే యంత్రాల మీద నేర్చుకుని ఉంటారు. 1984లో మన ప్రభుత్వం క్లాస్ అనే పథకం కింద బడుల్లో కంప్యూటర్లు పెట్టింది. అవి బిబిసి మైక్రోలు. వాటిలో తప్పు లైను కూడా లోపలికి పోతుంది. రన్ కొట్టాక "మిస్టేక్ ఎట్ లైన్ 20" అనో "సింటాక్స్ ఎర్రర్ ఎట్ లైన్ 20" అనో చెబుతుంది. ఆ బేసిక్‌లో ఆజ్ఞలు పెద్దబడి అక్షరాల్లోనే ఉండాలి. చిన్నబడిలో ప్రింట్ అని రాస్తే "మిస్టేక్" అంటుంది. అక్కడ ముందుగా చూడాల్సింది క్యాప్స్ లాక్ దీపం.

1982లో అమెరికాలో వచ్చిన కమొడోర్ 64 అనే యంత్రానిది వేరే తిక్క. స్కోర్ అని వేరియబుల్ పేరు పెడితే సింటాక్స్ ఎర్రర్ అంటుంది. కళ్ళు కాయలు కాసేలా చూసినా తప్పు దొరకదు. ఇంగ్లీషులో ఆ మాట రాస్తే నడుమ ఓ, ఆర్ అనే అక్షరాలు పక్కపక్కన వస్తాయి. అవి రెండూ కలిస్తే బేసిక్‌లో "లేదా" అనే ఆజ్ఞ. యంత్రం ఆ మాటను మధ్యకు విరిచి చదువుతుంది. టోటల్ అన్నా ఇంతే, మొదట్లో టు ఉంది గదా. అక్షరం అక్షరం రీడ్ బ్యాక్ చేస్తేనే ఇది పట్టుబడుతుంది. ఇంకొకటి, అంకె ఉండాల్సిన చోట డేటాలో అక్షరాలు ఉంటే కూడా అది సింటాక్స్ ఎర్రర్ అనే అంటుంది.

లైను నెంబరు చెప్పింది గదా అని ఆ లైనునే తిట్టకండి. స్పెక్ట్రమ్ "వేరియబుల్ నాట్ ఫౌండ్, 30:1" అంటే, 30వ లైనులో మొదటి ఆజ్ఞ దగ్గర ఒక పేరు తనకు దొరకలేదని. 30వ లైను నిక్షేపంగా ఉండవచ్చు. 10వ లైనులో మీరు ఆ పేరును ఒక అక్షరం తేడాతో రాసి ఉండవచ్చు. ఫిర్యాదు వచ్చిన చోటు వేరు, తప్పు జరిగిన చోటు వేరు.

పాత యంత్రం కొనదలచినవారికి కూడా ఒక మాట. ఇవి నలభై ఏళ్ళ నాటివి. స్పెక్ట్రమ్ మీటల కింద ఉండే పలచని పొర, దాని పట్టీ ఎండి పగులుతాయి. అప్పుడు కొన్ని మీటలు పలకవు. మీరు కొట్టిన కామా పడకపోతే అదీ సింటాక్స్ ఎర్రర్‌గానే కనబడుతుంది. అందుకని పాఠం మొదలుపెట్టే ముందు ప్రింట్ కొట్టి, కోట్స్ తెరిచి, అక్షరాలు, అంకెలు, గుర్తులు అన్నీ ఒకసారి నొక్కి చూడండి. రేడియో చెక్ చేసినట్టు. దీని అడాప్టర్ 9 వోల్టులు, పిన్ను మధ్యభాగం నెగెటివ్. మామూలుగా బజారులో దొరికే వాటిలో చాలావాటికి మధ్యది పాజిటివ్ ఉంటుంది. చూడకుండా గుచ్చితే యంత్రం పోతుంది. అసలు యంత్రం లేకపోయినా బాధ లేదు. ఫ్యూజ్ అనే ఉచిత ప్రోగ్రాము ఇవాళ్టి కంప్యూటర్‌లో వేసుకుంటే అచ్చం స్పెక్ట్రమ్ లాగే నడుస్తుంది, అదే ప్రశ్న గుర్తుతో సహా.

నా వయసు మిత్రులకు ఒక్క మనవి చేసి ముగిస్తాను. ఈ బేసిక్ మనకెందుకులే అని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. మొన్న మన సభ్యుడొకాయన లైఫ్ సర్టిఫికెట్ పని మీద ఫోను తెచ్చి నాకిచ్చారు. ఏదో మెసేజి వస్తోంది, పోవడం లేదు అన్నారు. ఏం రాసి ఉంది అని అడిగితే "చదవలేదు, ఓకే ఓకే అని నొక్కుతున్నాను" అన్నారు. నేను నవ్వలేదు. నేనూ ఒకప్పుడు అదే పని చేశాను గనుక. తెర మీద మాట వచ్చినప్పుడు దాన్ని పోగొట్టడానికి తొందరపడకండి. పైకి చదవండి. అర్థం కాకపోతే పక్కన ఉన్న పిల్లలతో చదివించుకోండి. అడగడంలో చిన్నతనం లేదు. ఆ ఒంగోలు కుర్రవాడు ఆ రోజు ఆఫీసుకు వెళ్ళి ఒక్క మాట అడిగి ఉంటే చెల్లెలి పెళ్ళి చూసేవాడు. అడగనందుకు తప్పు వాడిది కాదు, అడగనక్కరలేదని వాడికి నమ్మకం కలిగించిన నాది.

ఈ బల్లమీద ఉన్న స్పెక్ట్రమ్ ఆ రోజుల్లోదే. మేజర్ సాహెబ్ రిటైరై స్థిరపడ్డాక పెట్టెలో సర్ది నాకు పంపించారు. ఇ మీట మీద ఉన్న ఆ గుర్తు కొంచెం అరిగింది, ఆ తర్వాత నేను దాన్ని ఎన్నిసార్లు నొక్కానో లెక్కలేదు. భోజనాలయ్యాక ఇక్కడే కూర్చుంటాను. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ఒక్కో లైను కొట్టండి. ప్రశ్న గుర్తు వస్తే నన్ను పిలవకండి, ముందు మీరు పైకి చదవండి. నేను పక్కనే ఉండి వింటాను.

 ఉగాది శుభాకాంక్షలు.

జై హింద్.